ప్రొఫెసర్ హెచ్-ఇండెక్స్‌ను విప్పి చదవడం ఎలా?

ఏటా ఒకసారి మన దినపత్రికల జిల్లా పేజీల్లో ఒకే తరహా వార్త కనిపిస్తుంది. ఫలానా విశ్వవిద్యాలయ ఆచార్యులకు ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో చోటు. పక్కన శాలువా కప్పుతున్న ఫొటో. ఆ జాబితాలో మోసమేమీ లేదు. స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ అయోనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ అనే పరిశోధనా పత్రాల డేటాబేస్ లెక్కలతో దాన్ని తయారుచేస్తారు. మొదటిది 2019లో వచ్చింది. అయితే అందులో రెండు పట్టికలు ఉంటాయి. ఒకటి వృత్తి జీవితం మొత్తానిది, రెండోది ఒక్క ఏడాదిది. వార్తలో ఏ పట్టికో సాధారణంగా ఉండదు. తమ పేపర్లను తామే పేర్కొన్న సైటేషన్లు తీసేస్తే స్థానం ఎంత మారుతుందో కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది. దాన్ని తెరిచి చూసే ఓపిక ఎవరికీ ఉండదు.

మెదడు పరిశోధన వైపు వెళ్లాలనుకునే విద్యార్థులు ఇలాంటి వార్తనో, పరిశోధనా పేపర్లను వెతికే గూగుల్ స్కాలర్ పేజీలో కుడివైపు కనిపించే హెచ్-ఇండెక్స్ వంటి పెద్ద అంకెనో చూసి గైడ్‌ను ఎంచుకుంటున్నారు. ఆ అంకె ఒక కూడిక మాత్రమే. దేన్ని కూడితే అది వచ్చిందో చూడనంతవరకు ఆ మనిషి ఏం చేశారో మనకు తెలియదు. కూడికను విప్పే పద్ధతి కింద రాస్తున్నాను. ఒక సాయంత్రం, ఇంటర్నెట్ ఉన్న కంప్యూటర్, ఒక తెల్లకాగితం చాలు. డబ్బు కట్టి వాడే డేటాబేసులు తప్పనిసరి కాదు.

రెండు మాటలు ముందే తెలిసి ఉండాలి. ఒక పేపరు చివర ఇచ్చే ఆధారాల జాబితాలో మరో పేపరు పేరు ఉంటే, ఆ రెండోదానికి ఒక సైటేషన్ వచ్చినట్టు. హెచ్-ఇండెక్స్ అనేది శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన కొలత. ఒకరి పేపర్లలో కనీసం 40 పేపర్లకు, ఒక్కోదానికి 40కి తగ్గకుండా సైటేషన్లు ఉండి, 41 పేపర్లకు 41 చొప్పున లేకపోతే వారి హెచ్-ఇండెక్స్ 40. స్కాలర్ పేజీలో దాని కింద కనిపించే ఐ10 ఇంకా సులభం: పది లేదా అంతకు మించి సైటేషన్లున్న పేపర్లు ఎన్ని అని.

1. ముందు మనిషిని సరిగా గుర్తుపట్టండి

ఇది చాదస్తంలా కనిపిస్తుంది గానీ, మన పేర్ల విషయంలో మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. వైద్య, జీవశాస్త్ర పేపర్లను ఉచితంగా వెతికే పబ్‌మెడ్‌లో రచయితల పూర్తి పేర్లు 2002 నుంచి వచ్చిన పేపర్లకే నమోదయ్యాయి. అంతకు ముందువాటిలో చివరి పేరు, పొడి అక్షరాలు మాత్రమే ఉంటాయి. 'రావు ఎస్', 'రెడ్డి కె', 'కుమార్ వి' అని వెతికితే నాడీ వైద్యుడి పక్కన నేల రసాయన శాస్త్రవేత్త కూడా వస్తాడు. మన దగ్గర ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత. విదేశీ జర్నల్ చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఒక వరుసలో అచ్చయిన పేరు, పాస్‌పోర్ట్ వచ్చి అమెరికా వెళ్లాక మరో వరుసలో అచ్చవుతుంది. పెళ్లయ్యాక పేరు మార్చుకున్న మహిళా శాస్త్రవేత్తల పేపర్లు ఇద్దరు వేర్వేరు మనుషులవిగా విడిపోతాయి. భీమవరంలో పుట్టి హార్వర్డ్‌లో పనిచేసిన యల్లాప్రగడ సుబ్బారావు పేరు కూడా పేపర్ల మీద 'వై. సుబ్బారో'గానే మిగిలింది. యల్లాప్రగడ అని వెతికితే ఆయన అసలు పేపర్లు దొరకవు.

అందుకని మొదట ల్యాబ్ వెబ్‌సైట్‌లోనో, విశ్వవిద్యాలయం పేజీలోనో ఉన్న సీవీ తీసుకోండి. తరువాత ఓర్కిడ్ (ORCID) సంఖ్య ఉందేమో చూడండి. 2012లో మొదలైన 16 అంకెల గుర్తింపు అది, పేరు మారినా సంఖ్య మారదు. అయితే ఆ పేజీని నింపాల్సింది పరిశోధకులే కాబట్టి చాలామందిది సగం ఖాళీగా ఉంటుంది. గూగుల్ స్కాలర్ ప్రొఫైల్ ఉంటే పేరు కింద విశ్వవిద్యాలయం ఈమెయిల్ ధ్రువీకరించినట్టు రాసి ఉందో లేదో చూడండి.

ఇప్పుడు స్కాలర్ జాబితాను సంవత్సరాల వరుసలో పెట్టి అట్టడుగుకు వెళ్లండి. 2004లో పీహెచ్‌డీ చేసిన వ్యక్తి పేరు మీద 1987 నాటి పేపరు ఉంటే అది మరొకరిది. కాంక్రీటు గట్టిదనం మీదో, దంతవైద్యం మీదో పేపరు ఉన్నా అంతే. దీన్ని చూసి వెంటనే మోసమని అనుకోవద్దు. కొత్త పేపర్లను తనంతట తానే చేర్చుకునే ఏర్పాటు స్కాలర్‌లో ఉంది. దాన్ని అలా వదిలేసినవారి పేజీలోకి ఇతరుల పేపర్లు వచ్చి చేరుతుంటాయి. ప్రొఫైలే లేనివారిని అనుమానించాల్సిన పని అసలే లేదు. గొప్ప ప్రయోగశాస్త్రవేత్తల్లో ఆ పేజీ తెరవనివారు బోలెడంత మంది.

2. లెక్కను రెండు చోట్ల తీయండి

ఒకే మనిషికి గూగుల్ స్కాలర్‌లో ఒక హెచ్-ఇండెక్స్, స్కోపస్‌లో మరొకటి ఉంటుంది. స్కాలర్‌లోనే దాదాపు ఎప్పుడూ ఎక్కువ. థీసిసులు, ప్రీప్రింట్లు (జర్నల్‌లో రాకముందే బయటపెట్టిన పేపర్లు), పుస్తకాల అధ్యాయాలు, సదస్సు సారాంశాలు, ఇంటర్నెట్‌లో పెట్టిన నివేదికలు అన్నింటి నుంచీ అది సైటేషన్లు ఏరుకుంటుంది. స్కోపస్, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ తాము ఎంపిక చేసిన జర్నళ్లను, సదస్సు సంపుటాలను, పుస్తకాలను మాత్రమే లెక్కిస్తాయి. రెంటిలో ఏదీ తప్పు కాదు. ఇద్దరిని పోల్చేటప్పుడు ఒకరిది ఇక్కడి నుంచి, మరొకరిది అక్కడి నుంచి తీసుకోవడం మాత్రం తప్పు. నియామకాల బయోడేటాల్లో ఇది తరచుగా జరుగుతుంది, అడిగేవారు ఉండరు. మీ కాగితం మీద అంకె పక్కన ఎక్కడి నుంచి తీసుకున్నారో, ఏ తేదీన తీసుకున్నారో రాసుకోండి.

3. పై పది పేపర్లను తెరవండి

అసలు పని ఇదే. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే. సాయంత్రంలో సగం సమయం దీనికే ఇవ్వండి.

స్కాలర్ జాబితా మామూలుగా సైటేషన్ల వరుసలోనే ఉంటుంది. మొదటి పదింటిలో ఒక్కోదాని సారాంశం చదివి, అది ఏ రకం పేపరో పక్కన రాయండి. న్యూరోసైన్స్‌లో, అంటే మెదడు పరిశోధనలో, నాలుగు రకాలు పదేపదే ఎదురవుతాయి.

మొదటిది పద్ధతి లేదా పనిముట్టు. విజ్ఞానశాస్త్రంలో అత్యధిక సైటేషన్లు పొందినది సాపేక్ష సిద్ధాంతమో, డీఎన్ఏ నిర్మాణమో కాదు. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని వివరిస్తూ ఆలివర్ లౌరీ బృందం 1951లో రాసిన పేపరు. దాని సైటేషన్లు మూడు లక్షలు దాటాయి. సుబ్బారావు కథా ఇలాంటిదే. సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరాన్ని రంగు సాయంతో కొలిచే పద్ధతిని ప్రచురించారు. దశాబ్దాల పాటు ప్రపంచంలోని ప్రయోగశాలలు దాన్ని వాడి, ఆధారంగా చూపాయి. అదే పద్ధతి చేతిలో ఉండటం వల్ల ఆ ఇద్దరూ 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్‌ను పట్టుకోగలిగారు. కండరం, మెదడు శక్తిని ఎలా నిల్వ ఉంచుకుంటాయో అర్థమవడానికి ఆ ఆవిష్కరణ దారి తీసింది. పద్ధతిని వాడుకున్న ప్రతివారూ దాన్ని పేర్కొనాల్సిందే. ఆవిష్కరణ అయితే కొన్నాళ్లకు పాఠ్యపుస్తకంలోకి వెళ్లిపోతుంది, ఆ తరువాత ఎవరూ దాన్ని పేరుపెట్టి పేర్కొనరు. కాబట్టి సైటేషన్ల లెక్క ఆవిష్కరణ కన్నా పద్ధతి వైపే ఎక్కువ మొగ్గుతుంది.

న్యూరోసైన్స్‌లో కూడా ఇలాంటి పద్ధతి పేపర్లు చాలా ఉన్నాయి. మనిషి కుడిచేతి వాటమో ఎడమచేతి వాటమో తేల్చే ఓల్డ్‌ఫీల్డ్ ప్రశ్నావళి 1971లో వచ్చింది. మెదడు స్కాన్ అధ్యయనాల్లో పాల్గొనేవారిని ఎంచుకునేటప్పుడు నేటికీ వాడుతున్నారు. మతిమరుపును పడక పక్కనే పరీక్షించే ఫోల్‌స్టీన్ పరీక్ష 1975 నాటిది. ఇవి రెండూ న్యూరోసైన్స్ చుట్టుపక్కల అత్యధికంగా పేర్కొన్న పేపర్లలో ఉన్నాయి. ఇలాంటి పేపరు రాయడం తక్కువ పని అనడం లేదు. మంచి పనిముట్టు ఇచ్చినవారికి ఒక రంగమంతా రుణపడి ఉంటుంది. మీరు తెలుసుకోవాల్సింది ఒక్కటే: ఆ పెద్ద అంకె పనిముట్టుది, మెదడు గురించి కొత్తగా తెలిసిన విషయానిది కాదు.

రెండోది సమీక్షా వ్యాసం, అంటే రివ్యూ. కొత్త ప్రయోగమేమీ ఉండదు. ఇతరుల వంద పేపర్లను క్రమంలో పెట్టి చెబుతుంది. పేపరు రాసేవారికి ఉపోద్ఘాతంలో వంద పేర్లు రాయడం కంటే ఒక రివ్యూ పేరు రాయడం సులువు. అందుకే వీటికి సైటేషన్లు త్వరగా పోగవుతాయి. పై పదింటిలో ఏడు రివ్యూలే ఉంటే ఆ మనిషి బాగా చదివినవారు, బాగా రాయగలవారు అని అర్థం. ల్యాబ్ నుంచి ఏం వచ్చిందన్నది వేరే ప్రశ్న.

మూడోది కన్సార్షియం, అంటే అనేక సంస్థల పరిశోధకుల కూటమి రాసే పేపరు. ప్రపంచ వ్యాధిభారం అధ్యయనం పేరుతో లాన్సెట్‌లో వచ్చే పేపర్లకు వందల మంది రచయితలు ఉంటారు. భారతీయ నాడీ వైద్యులు కూడా చాలామంది అందులో ఉన్నారు. ఒక్కో పేపరుకు వేల సైటేషన్లు. అలాంటివి ఐదారు ఉంటే, సొంత ల్యాబ్ పేపర్లు ఒక మోస్తరుగా ఉన్నవారి మొత్తం అంకె కూడా ఆకాశాన్ని తాకుతుంది. మెదడు స్కాన్లనూ జన్యువులనూ కలిపి చూసే ఎనిగ్మా కూటమి పేపర్లూ అంతే. వాటిలో పనిచేయడం గౌరవమే. వందల మందిలో ఒకరి వాటా ఎంతో మాత్రం సైటేషన్ చెప్పదు.

నాలుగోది సొంత ప్రయోగమో, సిద్ధాంతమో. దీన్నే మీరు వెతుకుతున్నారు. ఎలుక హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగంలో, ఫలానా చోటుకు రాగానే చైతన్యమయ్యే కణాలున్నాయని జాన్ ఓకీఫ్, జొనాథన్ దోస్త్రోవ్‌స్కీ 1971లో బ్రెయిన్ రీసెర్చ్ జర్నల్‌లో రాసింది ఐదు పేజీల చిన్న పేపరు. ఆ దారిలో చేసిన పనికి ఓకీఫ్‌కు నోబెల్ బహుమతి 2014లో వచ్చింది. అలాంటి పేపరు మీ జాబితాలో పదో స్థానంలో ఉన్నా సరే, దాని దగ్గరే ఎక్కువసేపు ఆగండి.

సాధనకు ఒక మంచి పేజీ చెబుతాను. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీకి చెందిన కార్ల్ ఫ్రిస్టన్‌ది. ఆయన హెచ్-ఇండెక్స్ 200 ఎప్పుడో దాటింది. 2016లో సెమాంటిక్ స్కాలర్ అనే శోధన సాధనం న్యూరోసైన్స్‌లో అత్యంత ప్రభావశీలి అని ఆయననే లెక్కతేల్చింది. ఆయన పేజీలో 1990ల మధ్యకాలపు గణాంక పటాల పేపరు, 2000లో జాన్ ఆష్‌బర్నర్‌తో కలిసి మెదడు ఆకృతి కొలత మీద రాసినది, మెదడు భాగాలు ఒకదాన్నొకటి ఎలా ప్రభావితం చేస్తాయో అంచనా వేసే 2003 నాటి డైనమిక్ కాజల్ మోడలింగ్ కనిపిస్తాయి. మూడూ మెదడు స్కాన్లను విశ్లేషించే ఎస్‌పీఎం సాఫ్ట్‌వేర్ చుట్టూ అల్లుకున్న పద్ధతులే. ఆ సాఫ్ట్‌వేర్ వాడినవారు వాటిని పేర్కొని తీరాలి. 2010లో నేచర్ రివ్యూస్ న్యూరోసైన్స్‌లో వచ్చిన స్వేచ్ఛాశక్తి సూత్రం (ఫ్రీ ఎనర్జీ ప్రిన్సిపుల్) వ్యాసం మాత్రం సిద్ధాంతం. దాని మీద ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి. ఒకే మనిషి పేజీలో రెండు వేర్వేరు ప్రభావాలు! 'ప్రపంచంలో అత్యంత ప్రభావశీలి' అనే మాట ఈ తేడాను తుడిచేస్తుంది.

4. రచయితల వరుసలో వారెక్కడున్నారో చూడండి

న్యూరోసైన్స్ ప్రయోగశాలల ఆనవాయితీలో మొదటి పేరు ప్రయోగం చేసినవారిది, చివరి పేరు ల్యాబ్ నడిపేవారిది. మధ్యలో ఉన్నవారు సాయం చేసినవారు. ఆ సాయం స్కాన్లు తీయడం కావచ్చు, గణాంకాలు చూడటం కావచ్చు, రోగులను పంపడం కావచ్చు. గణితం, ఆర్థికశాస్త్రంలో అక్షరక్రమం పాటిస్తారు కాబట్టి ఆ శాఖల నుంచి వచ్చినవారి పాత పేపర్లకు ఈ సూత్రం వర్తించదు.

స్కాలర్‌లో దీన్ని కంటితో చూసుకోవాల్సిందే. పబ్‌మెడ్‌లో అడ్వాన్స్‌డ్ పేజీకి వెళ్తే మొదటి రచయితగా, చివరి రచయితగా విడివిడిగా వెతికే వీలుంది. చివరి రచయితగా ఎన్ని వస్తాయో చూసి, మొత్తంతో పోల్చండి. పదిహేనేళ్లుగా సొంత ల్యాబ్ నడుపుతున్నవారి పేరు చివరన అరుదుగా కనిపిస్తే ఎందుకని అడగాలి. మొదటి ఇద్దరు ముగ్గురి పేర్ల పక్కన నక్షత్రం గుర్తు పెట్టి 'సమాన వాటా' అని రాసి ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోండి. చాలా జర్నళ్లు ఇప్పుడు పేపరు చివర ఎవరు ఏం చేశారో రాయిస్తున్నాయి. ఆ చిన్న పేరా చదివితే ఊహించాల్సిన పని తగ్గుతుంది.

5. ఏళ్ల మీద పరచండి

హెచ్-ఇండెక్స్‌కు ఒక గుణం ఉంది: పెరగడమే తప్ప తగ్గదు. పరిశోధన మానేసి పదేళ్లయినా పెరుగుతూనే ఉంటుంది. స్కాలర్‌లో మొత్తం అంకె పక్కనే గత ఐదేళ్ల అంకె ఇచ్చే కాలమ్ ఉంటుంది. అది ఈ ఐదేళ్లలో వచ్చిన పేపర్ల లెక్క అని చాలామంది పొరబడతారు. పాత పేపర్లకు ఈ ఐదేళ్లలో వచ్చిన సైటేషన్లూ అందులో ఉంటాయి. అందుకే ఆ కాలమ్‌ను వదిలి, గత ఐదేళ్ల పేపర్లను మీరే చూడండి.

పాతికేళ్ల అనుభవం ఉన్నవారినీ, ఆరేళ్ల క్రితం ల్యాబ్ పెట్టినవారినీ ఒకే త్రాసులో పెట్టకూడదని హిర్ష్‌కూ తెలుసు. తన పేపర్లోనే హెచ్-ఇండెక్స్‌ను మొదటి పేపరు నుంచి గడిచిన ఏళ్లతో భాగించమన్నారు. ఆ భాగహారం కొంతవరకు పనికొస్తుంది. కానీ ఏ తరహా ప్రయోగమో తెలియకుండా వేగం గురించి తీర్పు ఇవ్వవద్దు. కోతికి ఒక పని నేర్పి, మెదడులో ఎలక్ట్రోడ్లు అమర్చి, రికార్డింగులు ముగించేసరికి ఏళ్లు గడుస్తాయి. కొత్త జన్యుమార్పు ఎలుకల వంశం తయారుచేయడానికీ అంతే ఓపిక కావాలి. యూకే బయోబ్యాంక్, హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్ట్ వంటివి సిద్ధంగా అందిస్తున్న స్కాన్లను కంప్యూటర్‌లో విశ్లేషించేవారు ఏడాదికి నాలుగైదు పేపర్లు రాయగలరు. రెండు రకాల పనీ అవసరమే, కానీ ఈ ఇద్దరినీ పేపర్ల సంఖ్యతో పోల్చడం అన్యాయం. మధ్యలో రెండేళ్ల ఖాళీ కనిపిస్తే ప్రసూతి సెలవు కావచ్చు, సంస్థ మారడం కావచ్చు, పరికరాలు విదేశాల నుంచి రావడానికి పట్టిన సమయం కావచ్చు.

6. రంగం పరిమాణాన్ని సరిచేయండి

అల్జీమర్స్ మీద పనిచేసేవారు ప్రపంచంలో వేల సంఖ్యలో ఉన్నారు. మిడతలు వాసన ఎలా పసిగడతాయో చూసేవారు కొద్దిమందే. మిడతల పేపరుకు 80 సైటేషన్లు వస్తే ఆ రంగంలో అందరూ చదివినట్టే. అల్జీమర్స్‌లో 80 అంటే మామూలు సంగతి.

దీనికి ఉచిత సాధనం ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల ఐసైట్ (iCite) అనే వెబ్‌సైట్. పబ్‌మెడ్‌లో వెతికి తీసిన పేపర్ల సంఖ్యలను అందులో పెట్టండి. ఒక్కో పేపరుకు సాపేక్ష సైటేషన్ నిష్పత్తి వస్తుంది. ఆ పేపరుతో పాటు తరచుగా పేర్కొనే ఇతర పేపర్లను బట్టి దాని రంగం ఏదో అది అంచనా వేస్తుంది. నిష్పత్తి 1 అంటే, అదే రంగంలో ఆ సంస్థల నిధులతో వచ్చిన పేపర్లలో నడిమి పేపరుకు వచ్చినన్ని సైటేషన్లు దీనికీ వచ్చాయని. 3 ఉంటే మూడు రెట్లు. మొత్తం మీద సగటు కాకుండా, చివరి రచయితగా ఉన్న పేపర్ల నిష్పత్తులను విడిగా చూసుకోండి. పని మనుషుల మీదా, జంతువుల మీదా, కణాల మీదా అన్నది కూడా ఒక త్రిభుజంలో చుక్కలుగా చూపిస్తుంది, సరదాగా ఉంటుంది. ఒక లోపం గుర్తుంచుకోండి. పబ్‌మెడ్‌లో లేని పేపర్లు దీనికి కనిపించవు. కంప్యూటేషనల్ న్యూరోసైన్స్‌లో పనిచేస్తూ మెషీన్ లెర్నింగ్ సదస్సుల్లో ప్రచురించేవారి కృషి సగం ఇక్కడ ఉండదు.

7. జర్నల్ పేరు దగ్గర ఎక్కువసేపు ఆగకండి

2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, జర్నల్‌లో 2022, 2023లలో వచ్చిన వాటికి 2024లో దొరికిన సైటేషన్లను, ఆ రెండేళ్ల పేపర్ల సంఖ్యతో భాగించగా వచ్చేది. జర్నల్‌కు సగటు అది. కొన్ని పేపర్లు ఆ సగటును పైకి లాగుతాయి, ఎక్కువ పేపర్లు దాని కింద ఉంటాయి. ఒక పేపరు నాణ్యతకు దాన్ని కొలతగా వాడవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో రూపుదిద్దుకున్న, పరిశోధన మూల్యాంకనం మీద డోరా ప్రకటన కోరింది.

మెదడు స్కాన్ల రంగంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. 2023 ఏప్రిల్‌లో న్యూరోఇమేజ్ జర్నల్ సంపాదకులు 40 మందికి పైగా, ప్రచురణ రుసుము మితిమీరిందని మూకుమ్మడిగా రాజీనామా చేసి, ఎంఐటీ ప్రెస్‌తో కలిసి ఇమేజింగ్ న్యూరోసైన్స్ అనే కొత్త జర్నల్ పెట్టారు. కొత్త జర్నల్‌కు మొదట్లో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కడి నుంచి వస్తుంది? సంపాదకులు మాత్రం వారే.

8. పేర్కొన్నవారు ఏమన్నారో చదవండి

సైటేషన్ అంటే మెప్పు అనుకోకూడదు. మెదడు పనితీరును చూపే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ల విశ్లేషణలో వాడే గణాంక పద్ధతులు కొన్ని సందర్భాల్లో 70 శాతం దాకా తప్పుడు ఫలితాలు ఇవ్వగలవని 2016లో ఎక్లుండ్ బృందం చూపింది. దాదాపు 40,000 అధ్యయనాలు సందేహంలో పడ్డాయన్న వారి మాట అతిశయమని విమర్శలు వచ్చి, ఆ వాక్యాన్ని వారే సవరించారు. ఆ పేపరును పేర్కొన్నవారిలో దాన్ని ఒప్పుకున్నవారూ ఉన్నారు, కాదన్నవారూ ఉన్నారు, తమ పద్ధతి సరైనదేనని చెప్పుకోవడానికి వాడినవారూ ఉన్నారు. అన్నీ ఒక్కో సైటేషనే.

కాబట్టి మీరు ఎంచుకున్న సొంత ప్రయోగం పేపరు కింద 'సైటెడ్ బై' నొక్కి, అందులో ఐదారు పేపర్లు తెరిచి, ఈ పేపరు ప్రస్తావన ఉన్న వాక్యాలు మాత్రం చదవండి. ఉపోద్ఘాతంలో పది పేర్ల గుంపులో ఒకటిగా ఉందా? లేక 'ఫలానావారి ఫలితాన్ని మేము మళ్లీ రాబట్టాం' అని ఉందా? రెండో తరహా వాక్యం ఒక్కటి దొరికినా, మొదటి తరహావి యాభై ఉన్నదానికన్నా విలువైనది. పేర్కొన్నవారంతా అదే ల్యాబ్ వారో, పాత విద్యార్థులో, ఒకే రెండు మూడు జర్నళ్ల చుట్టూ తిరిగేవారో అయితే అది కూడా కాగితం మీద రాయండి. తన పాత పని మీదే కొత్త పని కట్టుకునేవారు తమను తాము పేర్కొనక తప్పదు. మొత్తంలో పెద్ద భాగం అదే అయినప్పుడే సందేహించాలి.

ఉపసంహరణలు, అంటే అచ్చయిన పేపరును వెనక్కి తీసుకున్న సందర్భాలు, చూడటం మరిచిపోవద్దు. అల్జీమర్స్‌లో జ్ఞాపకశక్తి పోవడానికి ఒక ప్రత్యేకమైన అమిలాయిడ్ ప్రోటీన్ రూపం కారణమని 2006లో నేచర్‌లో వచ్చిన పేపరుకు 2,000కు పైగా సైటేషన్లు ఉన్నాయి. అందులోని చిత్రాలు మార్చినట్టున్నాయని 2022లో సైన్స్ పత్రిక పరిశోధనాత్మక కథనం ప్రచురించింది. 2024 జూన్‌లో పేపరును ఉపసంహరించుకున్నారు. ఆ సైటేషన్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, లెక్కల్లో అలాగే ఉన్నాయి. పబ్‌మెడ్‌లో ఉపసంహరించిన పేపరు మీద స్పష్టంగా హెచ్చరిక ఉంటుంది. ఉపసంహరణలను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ డేటాబేస్‌లో రచయిత పేరుతో ఉచితంగా వెతకవచ్చు. పేపర్ల మీద చర్చించే పబ్‌పీర్ వెబ్‌సైట్‌లో చిత్రాల మీదా, గణాంకాల మీదా వచ్చిన సందేహాలు, వాటికి రచయితలు ఇచ్చిన జవాబులు చదవవచ్చు. ఒక ఉపసంహరణ ఉన్నంత మాత్రాన మనిషిని కొట్టిపారేయకండి. తమ తప్పు తామే కనిపెట్టి పేపరును వెనక్కి తీసుకున్నవారి దగ్గర చేరడానికి నేనైతే వెనుకాడను. కారణం ఏమని రాశారో చదవండి.

9. ఒక్క పేపరు పూర్తిగా చదవండి

ఇటీవలి ఐదేళ్లలోది, వారు చివరి రచయితగా ఉన్నది ఒకటి తీసుకోండి. నమూనా ఎంత ఉందో చూడండి. న్యూరోసైన్స్ అధ్యయనాల గణాంక శక్తి మధ్యస్థంగా 21 శాతమేనని 2013లో క్యాథరిన్ బటన్ బృందం లెక్కగట్టింది. అంటే నిజంగా ఉన్న ప్రభావాన్ని కూడా ఐదింట ఒక్కసారే పట్టుకోగల చిన్న నమూనాలు అన్నమాట. ఎంతమంది మనుషులు లేదా ఎన్ని ఎలుకలు, ఆ సంఖ్య ఎందుకు ఎంచుకున్నారో చెప్పారా, డేటా ఓపెన్‌న్యూరో వంటి చోట అందరికీ అందుబాటులో పెట్టారా, విశ్లేషణ కోడ్ ఇచ్చారా. ఈ నాలుగింటి జవాబు ఏ ఇండెక్స్‌లోనూ ఉండదు.

10. అర పేజీ రాసుకోండి

అంకెతో మొదలుపెట్టకండి. ఊహించిన ఒక ప్రొఫెసర్ గురించి ఇలా ఉండవచ్చు: 'సైటేషన్లలో సగానికి పైగా రెండు కన్సార్షియం పేపర్ల నుంచి వచ్చాయి. సొంత ల్యాబ్ నుంచి ముఖ్యమైనవి మూడు. మూడూ మూర్ఛ వ్యాధిలో నిద్ర తరంగాల మీదే. ఒకదాన్ని మరో దేశంలోని ల్యాబ్ తిరిగి చేసి చూసి సరేనంది. గత నాలుగేళ్లలో చివరి రచయితగా ఐదు పేపర్లు. డేటా రెంటికి ఉంది. స్కాలర్‌లో హెచ్-ఇండెక్స్ ఇంత, ఫలానా తేదీన.' హెచ్-ఇండెక్స్ ఆఖరి వాక్యంలో ఉండటం గమనించారా? దాని స్థానం అక్కడే.

మీరు విద్యార్థి అయితే ఇంకొక్క పని మిగిలింది, నా దృష్టిలో పైవాటన్నిటి కంటే ముఖ్యమైనది. ఆ ప్రొఫెసర్ చివరి రచయితగా ఉన్న పేపర్లలో మొదటి పేర్లు ఎవరివో ఒక వరుసలో రాయండి. ల్యాబ్ వెబ్‌సైట్‌లో పాత విద్యార్థుల జాబితా పక్కన పెట్టుకుని పోల్చండి. పీహెచ్‌డీ చేసినవారిలో ఎంతమందికి మొదటి రచయితగా పేపరు ఉంది? చేరిన ఎన్నేళ్లకు వచ్చింది? ఒకే పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తరువాత ల్యాబ్‌లో పనిచేసే పరిశోధకులు) పేరు అన్నింటి ముందూ ఉందా? పాత విద్యార్థుల్లో ఇద్దరిని ఎంచుకోండి. ఒకరు పేపరు ఉన్నవారు, ఒకరు లేనివారు. ఇద్దరికీ మర్యాదగా నాలుగు వాక్యాల ఈమెయిల్ రాయండి. గైడ్ ఎలాంటివారని నేరుగా అడిగితే ఎవరూ రాతపూర్వకంగా చెప్పరు. డ్రాఫ్టు ఇచ్చాక దిద్దడానికి ఎన్నాళ్లు తీసుకునేవారు, పేర్ల వరుస ఎప్పుడు తేల్చేవారు, ప్రయోగం విఫలమైతే ఏం చేసేవారు అని అడగండి. ఫోనులో మాట్లాడదాం అని జవాబు వస్తే తప్పకుండా మాట్లాడండి. పేపరు లేనివారి నుంచి జవాబు రాకపోతే, అలాంటి మరొకరికి రాయండి.